పట్టుపురుగు – ఎనిమిది రోజుల ఆకలి

పెళ్ళిచీరకని ధర్మవరం పోయినవాళ్ళు బరువు చూస్తారు, జరీ చూస్తారు, ధర దగ్గర గంటసేపు బేరమాడతారు. ఆ చీర వెనుక ఎన్ని ప్రాణులున్నాయో లెక్కవేసేవాళ్ళు మాత్రం తక్కువ. మనమే వేసి చూద్దాం. ఒక మోస్తరు చీరకు అరకిలో పట్టు పడుతుందనుకుందాం. కిలో పచ్చిపట్టు తీయాలంటే మేలుజాతి గూళ్ళు ఆరేడు కిలోలు, సంకరజాతి గూళ్ళయితే ఎనిమిది నుంచి పది కిలోలు కావాలి. ఒక్కో గూడు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు తూగుతుంది. ఈ లెక్కన ఒక్క చీరకు రెండు వేలకు అటూ ఇటూ గూళ్ళు, సంకరజాతివైతే మూడు వేల దాకా అవసరం. గూటికొక పురుగు.

ఆ పురుగు ఎక్కడ పుడుతుంది, ఏం తింటుంది, ఎన్నాళ్ళు బతుకుతుంది, ఎట్లా పోతుంది అన్నది ఈ వ్యాసంలో విషయం. జంతుశాస్త్రం పుస్తకంలో ఉన్నదే కదా, మళ్ళీ ఎందుకని అడగవచ్చు. మా గుమ్మఘట్ట లాంటి మెట్టసీమలో అది పరీక్షలో పది మార్కుల ప్రశ్నతో తీరిపోయే సంగతి కాదు. బోరులో రెండంగుళాల నీళ్ళు పడ్డ ప్రతి రైతూ ఏదో ఒక రోజు "మల్బరీ వేద్దామా, వద్దా?" అని ఇంట్లో మాట ఎత్తుతాడు. ఆ ప్రశ్నకు జవాబు మార్కెట్ ధరలో సగమే ఉంది. తక్కిన సగం ఆ పురుగు జీవితచక్రంలో ఉంది.

సొంత ఊరు లేని పురుగు

మల్బరీ పట్టుపురుగును శాస్త్రంలో బాంబిక్స్ మోరి అంటారు. దీని పూర్వీకులు చైనా దేశపు అడవి పట్టుచిలుకలు. మనిషి దాదాపు 5,000 ఏళ్ళ నాడు దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆవు, గొర్రె, కోడి కూడా అట్లా వచ్చినవే. అయితే వాటికీ దీనికీ ఒక తేడా ఉంది. ఆవును అడవిలో వదిలితే ఎట్లాగో మేసి బతుకుతుంది. పట్టుపురుగు బతకలేదు. పక్కనే ఉన్న చెట్టు వెతుక్కుంటూ పోదు, ఎండకూ పిట్టకూ భయపడి దాక్కోదు. ఆకు మీద వేస్తే తింటుంది, వేయకపోతే తట్టలోనే తల ఎత్తి ఎదురుచూస్తుంది. రెక్కలొచ్చిన చిలుక కూడా ఎగరలేదు, రెక్కలు టపటప కొట్టుకుంటుందంతే.

ఇన్ని వేల ఏళ్ళలో మనిషి దానిలో పట్టు పెంచాడు, తక్కిన తెలివి అంతా తీసేశాడు. అందుచేత ఈ ప్రాణికి అడవిలో నివాసమంటూ లేదు. మనం వేసిన కొట్టమే దాని అడవి. మనం కోసుకొచ్చిన ఆకే దాని చెట్టు. కొట్టంలో మనం నిలబెట్టిన చల్లదనమే దాని వాతావరణం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ముందు చెప్పబోయేదంతా సులభంగా అర్థమవుతుంది.

మన వైపుకు పట్టు మైసూరు సీమ నుంచి వచ్చింది. 18వ శతాబ్దం చివర టిప్పు సుల్తాను తన రాజ్యంలో పట్టు పెంపకాన్ని ప్రోత్సహించాడు. సరిహద్దును ఆనుకొని ఉన్న హిందూపురం, మడకశిర ప్రాంతాలు తరువాతి కాలంలో ఆంధ్రలో పట్టుకు పుట్టిల్లయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు హిందూపురం, ధర్మవరం, మడకశిర శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. రాయదుర్గం, కళ్యాణదుర్గం, గుమ్మఘట్ట అనంతపురంలోనే మిగిలాయి. జిల్లా మారినా నేల మారలేదు, మొగులూ మారలేదు.

గుడ్డు

ఆడచిలుక ఒకసారి 400 నుంచి 500 గుడ్లు పెడుతుంది. ఒక్కోటి ఆవగింజ కంటే చిన్నది. ఒక చిలుక పెట్టిన మొత్తం గుడ్లను ఒక లేయింగు అంటారు. రైతు కొనేది వీటినే. "నూరు గుడ్లు తెచ్చినా" అని మా వైపు రైతు అన్నాడంటే నూరు లేయింగులు తెచ్చాడని అర్థం, అంటే 40 వేల పైచిలుకు పురుగులు.

పెట్టిన గుడ్డు 25 డిగ్రీల వేడిలో పది పన్నెండు రోజులకు పగులుతుంది. పగిలే ముందు గుడ్డు లోపలి పురుగు తల నల్లబడి, గుడ్డు నీలిరంగు తిరుగుతుంది. అప్పుడు గుడ్లను నల్లకాగితంలోనో నల్లగుడ్డలోనో చుట్టి చీకట్లో ఉంచుతారు. ముందు సిద్ధమైనవి చీకట్లో ఆగిపోతాయి, వెనకబడినవి వాటిని అందుకుంటాయి. మరునాడు పొద్దున వెలుతురులో తెరిస్తే అన్నీ ఒక్కసారే పుడతాయి. ఇది చిన్న ఉపాయమే గాని విలువైనది. ఒకేసారి పుట్టినవి ఒకేసారి తింటాయి, ఒకేసారి గూడు కడతాయి. తలా ఒక వేళకు పుడితే ఇంటిల్లిపాదికీ నెల పొడుగునా నిద్ర ఉండదు.

జాతుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత మైసూరు జాతి ఏడాది పొడుగునా తరం వెంట తరం పెరుగుతుంది, మన వేడికి ఓర్చుకుంటుంది. కాని దాని గూట్లో దారం 400 మీటర్లకు అటూ ఇటూ మాత్రమే. చలిదేశాల నుంచి వచ్చిన ద్విసంతతి జాతుల గుడ్లు చలికాలమంతా నిద్రపోయే స్వభావం గలవి. వాటిని వెంటనే పగిలేట్టు చేయాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి నిద్ర చెడగొట్టాలి. ఆ పని గుడ్ల కేంద్రాల్లో చేస్తారు. వీటి గూట్లో దారం 1,000 మీటర్ల దాకా వస్తుంది, కాని వేడికి తట్టుకోలేవు. అందుకే మైసూరు తల్లికీ ద్విసంతతి తండ్రికీ కలిపి సంకరజాతి తీశారు. గుడ్డు నిద్రపోవాలా వద్దా అన్నది తల్లి జాతిని బట్టి ఉంటుంది గనుక ఈ సంకరజాతి గుడ్లు తిన్నగా పగులుతాయి. ఓర్పు తల్లిది, దారం తండ్రిది అనుకోవచ్చు. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ తీసిన సి.ఎస్.ఆర్. జాతులు తరువాత ద్విసంతతి పెంపకాన్ని మన వాతావరణానికి కొంత దగ్గర చేశాయి.

నాలుగు జ్వరాలు

పుట్టిన పురుగు మూడు మిల్లీమీటర్ల పొడుగుతో నల్లగా చీమలాగా ఉంటుంది. 24 నుంచి 28 రోజుల్లో అది బొటనవేలి పొడుగు దాటి, పుట్టినప్పటి బరువుకు దాదాపు 10,000 రెట్లు పెరుగుతుంది. ఇంత వేగంగా ఒళ్ళు పెరుగుతుంటే చర్మం సాగదు. కనుక నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. కుబుసం విడిచే ముందు తిండి మాని, తల పైకెత్తి, ఒక పగలూ రాత్రీ కదలకుండా పడి ఉంటుంది. దీన్ని మన రైతులు "జ్వరం" అంటారు. జ్వరంలో ఉన్నదానికి ఆకు వేయకూడదు, కదిలించకూడదు. నాలుగు జ్వరాల వల్ల పురుగు జీవితం అయిదు దశలవుతుంది.

మొదటి రెండు దశల్లో ఉన్నవాటిని చాకీ పురుగులంటారు. ఇవి పసిబిడ్డల వంటివి. 27, 28 డిగ్రీల వేడి, 80 నుంచి 85 శాతం తేమ, కొమ్మ చివరి లేత ఆకు సన్నగా తరిగి పెట్టడం – ఇవన్నీ కావాలి. ఇప్పుడు చాలామంది రైతులు ఈ పని తాము చేయకుండా చాకీ కేంద్రాల్లో పెరిగిన పురుగులనే తెచ్చుకుంటున్నారు. అయిదో దశకు వచ్చేసరికి అవసరం తిరగబడుతుంది. 24, 25 డిగ్రీల చల్లదనం, 70 శాతం తేమ, ధారాళంగా గాలి, ముదురు ఆకు ఉండాలి.

ఇక అసలు సంగతి. పురుగు తన జీవితంలో తినే మొత్తం ఆకులో 80 నుంచి 85 శాతం ఈ అయిదో దశలోనే, అంటే చివరి ఏడెనిమిది రోజుల్లోనే తింటుంది. నూరు గుడ్లకు సుమారు ఒక టన్ను ఆకు పడుతుంది. అందులో మొదటి పద్దెనిమిది రోజులకు చాలేది 150, 200 కిలోలు. మిగిలిన 800 కిలోల పైచిలుకు చివరి ఎనిమిది రోజులకు కావాలి. కొట్టంలోకి పోతే వాన కురుస్తున్నట్టు శబ్దం వినిపిస్తుంది. అది వేల నోళ్ళు ఆకు కొరికే చప్పుడు.

ఆ రోజుల్లో ఊళ్ళో ఇద్దరు రైతులు ఎదురుపడితే మాటలు ఇట్లా ఉంటాయి:

"ఏమన్నా, పురుగు ఎట్లుంది?"

"నాలుగో జ్వరం లేసిందప్పా. పురుగు బాగనే ఉంది. ఆకే సాలేట్టు లేదు."

"మోటరు పోస్తాందా?"

"గంట పోసి గాలి కొడతాంది."

పెంపకంలోని కష్టమంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. మొదటి పద్దెనిమిది రోజులు తోట పచ్చగా, నిండుగా కనిపించి రైతును మోసం చేస్తుంది. ఆకు మిగిలిపోతుందేమో అనిపిస్తుంది. ఇంకో యాభై గుడ్లు తెచ్చి ఉండాల్సింది అని కూడా అనుకుంటాడు. ఆ తరువాత ఎనిమిది రోజుల్లో తోట మోడవుతుంది.

తిన్న ఆకు ఎక్కడికి పోతుంది? పురుగు ఒంట్లో రెండు పట్టుగ్రంథులు ఉంటాయి. అయిదో దశ చివరికి అవి శరీర బరువులో నాల్గోవంతు దాటి పెరుగుతాయి. ఆకులోని మాంసకృత్తులే వాటిలో పట్టుద్రవమవుతాయి. అందుకే చివరి రోజుల్లో పస్తు పెట్టిన పురుగు చావకపోవచ్చు, గూడు కూడా కట్టవచ్చు. కాని ఆ గూడు పలచగా, నొక్కితే లొట్టపోయేట్టు ఉంటుంది. మార్కెట్లో దాన్ని చేత్తో నొక్కిచూసే రీలరుకు ఆ రైతు బోరు ఏ తేదీన ఎండిపోయిందో చెప్పకనే తెలిసిపోతుంది.

గూడు

ఎనిమిది రోజుల తరువాత పురుగు తినడం మానేస్తుంది. ఒళ్ళు కాస్త కుదించుకొని, పండిన పండులా పారదర్శకంగా పసుపు తిరుగుతుంది. అప్పుడు దాన్ని ఏరి చంద్రికల మీద వేస్తారు. చంద్రిక అంటే వెదురుతో చాప అల్లి, దాని మీద చుట్టలు చుట్టలుగా వెదురుబద్దల గోడ నిలబెట్టినది. ప్లాస్టిక్‌వి కూడా ఇప్పుడు వాడుకలో ఉన్నాయి.

పురుగు కింది పెదవి దగ్గరి సన్నని రంధ్రం నుంచి పట్టుద్రవం వచ్చి, గాలి తగలగానే దారంగా గట్టిపడుతుంది. తలను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రెండు మూడు రోజుల్లో తన చుట్టూ తానే గూడు అల్లుకుంటుంది. అది మొదటినుంచి చివరిదాకా తెగని ఒకే పోగు. పోగు లోపలి భాగం ఫైబ్రాయిన్, పైన బంకలాంటి పూత సెరిసిన్. బరువులో ముప్పాతిక వంతు మొదటిది, పాతిక వంతు రెండోది. గూళ్ళను వేడినీళ్ళలో వేస్తే ఆ బంక మెత్తబడి పోగు కొస దొరుకుతుంది. అనేక గూళ్ళ కొసలు కలిపి తీస్తే పచ్చిపట్టు.

గూడు లోపల పురుగు ఇంకోసారి కుబుసం విడిచి ప్యూపా అవుతుంది. పది పన్నెండు రోజులు వదిలితే చిలుకగా మారి, నోటి నుంచి ఒక ఎంజైము వదిలి గూటి కొసను మెత్తబరిచి, సందు చేసుకొని బయటకు వస్తుంది. ఆ సందుతో పోగు వందచోట్ల తెగిపోతుంది. కాబట్టి రీలింగుకు పోయే గూళ్ళలో ప్యూపాను ఆవిరితోనో వేడిగాలితోనో ముందే చంపేస్తారు. విత్తనానికి ఉంచిన గూళ్ళకు మాత్రమే తలుపు తెరుచుకుంటుంది.

చిలుక

బయటకు వచ్చిన పట్టుచిలుక తెల్లగా, నూగుతో, లావుపాటి ఒంటితో ఉంటుంది. దానికి తినే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకుతోనే కొద్దిరోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

ఆడచిలుక కదలకుండా ఒకచోట కూర్చుని ఒక వాసన వదులుతుంది. మగది ఆ వాసన పసిగట్టి రెక్కలు వణికిస్తూ దాని దగ్గరికి నడిచి పోతుంది. ఆ వాసన పదార్థాన్ని 1959లో జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్ బృందం విడదీసి, బాంబికాల్ అని పేరుపెట్టింది. అందుకోసం 5 లక్షల ఆడచిలుకల గ్రంథులు కోయవలసి వచ్చింది. ఒక కీటకం మరో కీటకాన్ని పిలిచే రసాయనం మనిషికి ఫలానా అని తెలియడం అదే మొదలు. ఇప్పుడు పంట పురుగులను పట్టడానికి పొలాల్లో వేలాడదీసే లింగాకర్షక బుట్టలన్నిటికీ మూలం అదే.

అడవి చుట్టాలు

ఇంటి పురుగు సంగతి ఇట్లా ఉంటే, దాని అడవి చుట్టాల సంగతి వేరు. గోదావరి ఒడ్డున మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో దసలి పట్టు పండుతుంది. ఆ పురుగు తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల మీద ఆరుబయట బతుకుతుంది. కొట్టం లేదు, తట్ట లేదు. రైతు చేసేదల్లా గుడ్ల నుంచి వచ్చిన పురుగులను చెట్టెక్కించి, పిట్టలూ కందిరీగలూ ఎత్తుకుపోకుండా కాపలా కాయడం. గూడు కట్టేటప్పుడు అది కొమ్మకు ఒక ఉంగరం చుట్టి, కాడ వదిలి, కాయలాగా గట్టి గూటిని వేలాడదీస్తుంది. చలికాలంలో మూసిన ఆ గూట్లో ప్యూపా ఎండాకాలమంతా నిద్రపోతుంది. తొలకరికి చెట్లు చిగురించే వేళకు నిద్రలేచి చిలుకై బయటకు వస్తుంది. దాని పిల్లలకు లేత ఆకు సిద్ధంగా ఉంటుంది.

సముద్రాలు దాటి పోతే ఇదే ఏర్పాటు మళ్ళీ కనిపిస్తుంది. మెక్సికో మొదలు దక్షిణ అమెరికాలో అర్జెంటీనా దాకా రాత్‌షిల్డియా అనే అడవి పట్టుచిలుకలున్నాయి. రెక్కకొకటి చొప్పున నాలుగు గాజుకిటికీలు అతికించినట్టు వాటి రెక్కల్లో వెలుతురు దూరే మచ్చలుంటాయి. వీటికీ తినే నోరు లేదు. ఎండుటడవుల్లో ఉండే రకాల ప్యూపాలు కొమ్మకు వేలాడే గూట్లో ఎండాకాలం గడిపి వానలకు బయటపడతాయి. మెక్సికోలోని యాకీ జాతివారు ఈ చిలుకలు వదిలిపోయిన గూళ్ళలో చిన్న గులకరాళ్ళు వేసి, వరుసగా గుచ్చి, గజ్జెల్లాగా కాళ్ళకు చుట్టుకొని నాట్యమాడతారు.

దసలిదైనా, రాత్‌షిల్డియా అయినా అవి కరువును గూట్లో పడుకొని దాటిస్తాయి. వాన ఎప్పుడొస్తుందో వాటికి ఒంట్లోనే ఒక లెక్క ఉంది. ఇంట్లో పెంచే మల్బరీ పురుగుకు ఆ లెక్క లేదు. మైసూరు జాతి తెరిపి లేకుండా పుడుతూనే ఉంటుంది. ద్విసంతతి జాతికి ఉన్న నిద్ర చలిని దాటడానికి పనికొచ్చేదే గాని ఎండను దాటడానికి కాదు. పైగా ఆ నిద్రను కూడా మనమే ఆమ్లంతో చెడగొడుతున్నాం. కాబట్టి కరువు లెక్క పురుగు వేసుకోలేదు. దాని బదులు రైతే వేయాలి.

మెట్టలో చల్లని కొట్టం

ఇప్పుడు మన నేలకు వద్దాం. అనంతపురం వానచాటు సీమ. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటేసరికి ఉడిగిపోతుంది. ఈశాన్యం తూర్పు తీరం తడిపి మన దాకా వచ్చేసరికి చినుకులే మిగులుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సరిగ్గా కావలసినప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. నిండిన ఏళ్ళను పెద్దవాళ్ళు పండుగలాగా గుర్తుపెట్టుకున్నారంటే నిండని ఏళ్ళెన్నో తెలుసుకోవచ్చు. అదే నది ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక లేచి పొలాల మీద పడుతుంది.

ఇక్కడి మెట్టరైతు దశాబ్దాలుగా శెనక్కాయను నమ్ముకున్నాడు. జూన్, జూలైలో విత్తనం వేసి, ఆగస్టులో వాన ముఖం చాటేస్తే ఏడాది మొత్తం పోగొట్టుకున్నాడు. ఏడాదికి ఒకే పందెం. మల్బరీ అట్లా కాదు. ఒకసారి నాటితే పదీ పదిహేనేళ్ళు తోట ఉంటుంది. నీళ్ళుంటే ఏడాదికి అయిదారు పంటలు తీయవచ్చు. ఒక పంట పోయినా రెండు నెలల్లో ఇంకోటి చేతికొస్తుంది. చిన్నరైతుకు, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ళ కష్టం మీద నడిచే సంసారానికి, ఇది ఆశ పుట్టించే మాటే. పురుగు తినగా మిగిలిన ఆకూ పుల్లా మేకలకు, పెంట ఎరువుకు పనికొస్తాయి.

కాని ఒక సంగతి మరిచిపోకూడదు. పట్టుపురుగు నీళ్ళు తాగదు. దాని ఒంట్లో ఉన్న ప్రతి నీటిబొట్టూ ఆకు నుంచి వచ్చిందే. మంచి ఆకు బరువులో ముప్పాతిక వంతు దాకా నీరే. బోరు వట్టిపోతే ఆకు వాడుతుంది. వాడిన ఆకును పసిపురుగు కొరకలేదు, పెద్దపురుగు తిన్నా దానికి ఒంటబట్టదు. నేల అడుగున మొదలైన కరువు ఈ దారినే ఎక్కివచ్చి గూట్లో దారాన్ని కురచ చేస్తుంది.

రెండోది వేడి. ఏప్రిల్, మే నెలల్లో మనకు 40 డిగ్రీలు దాటుతుంది. పురుగుకు కావలసింది 25. ఈ పదిహేను డిగ్రీల తేడాను తీర్చవలసింది కొట్టమే. తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టి, ఉత్తర దక్షిణాలకు కిటికీలు పెట్టి, పైన బోదో కొబ్బరిమట్టలో కప్పి, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడదీయడం తెలిసిన ఉపాయాలు. రేకుల కప్పు కింద ఉత్తపుణ్యానికి పురుగు పెడితే ఉడికిపోతుంది. ఆకును కూడా ఎండపొద్దులో కోయకుండా పొద్దున్నే, సాయంత్రమే కోసి, తడిగుడ్డ కప్పి పెట్టుకోవాలి.

కంటికి కనిపించని శత్రువులు

1865లో ఫ్రాన్సు దక్షిణభాగంలో పట్టుపురుగులు గుంపులుగా చచ్చిపోతుంటే ప్రభుత్వం లూయీ పాశ్చర్‌ను పంపింది. ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లమచ్చలు వచ్చే ఆ రోగానికి పెబ్రిన్ అని పేరు. అది తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుందని ఆయన నిరూపించాడు. గుడ్లు పెట్టిన ప్రతి తల్లిచిలుకనూ నూరి సూక్ష్మదర్శినిలో చూసి, రోగముంటే ఆ గుడ్లు కాల్చివేయమన్నాడు. గుడ్ల కేంద్రాల్లో నేటికీ జరుగుతున్నది ఆ పరీక్షే. రోగరహిత గుడ్లు అనే మాట వెనుక ఉన్నది ఆయన అయిదేళ్ళ శ్రమ.

మన నాటి శత్రువు ఊజీ ఈగ. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి గూళ్ళతోపాటు కర్ణాటకలోకి దిగి, అక్కడి నుంచి మన సరిహద్దు దాటింది. పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలికి తొలుచుకుపోయి పురుగునే తింటుంది. ఒక్కోసారి గూడు కట్టాక దాన్ని చిల్లి చేసి బయటపడుతుంది. కిటికీలకూ తలుపుకూ నైలాన్ వల కట్టడం దీనికి మొదటి మందు. ఇవి గాక ఒళ్ళు ఉబ్బి పాలలాంటి రసం కారే గ్రాసరీ, పురుగు సుద్దముక్కలా బిగుసుకుపోయే సున్నపుకట్టు రోగం ఉన్నాయి. పంటకూ పంటకూ మధ్య కొట్టం కడిగి మందుతో శుద్ధి చేయనివాడికి ఇవి వెతుక్కుంటూ వస్తాయి.

ఇంకొక శత్రువును మనమే తయారు చేసుకుంటున్నాం. పక్క చేనులో కొట్టిన పురుగుమందు గాలికి మల్బరీ ఆకు మీద పడితే చాలు. చంపడానికి చేసిన మందుకు తెగుళ్ళ పురుగు, పట్టుపురుగు అని తేడా తెలియదు. మల్బరీ వేసే ముందు పొరుగు రైతుతో మాట్లాడుకోవడం కూడా సేద్యంలో భాగమే.

చంపకుండా పట్టు వస్తుందా?

చంపకుండా పట్టు తీయలేమా అని అడిగేవాళ్ళు మన మధ్య ఉన్నారు, అడగవలసినదే. చేనేత సహకార రంగంలో పనిచేసిన మన తెలుగువాడు కుసుమ రాజయ్య 1990లలో ఈ ప్రశ్న పట్టుకొని, చిలుక ఎగిరిపోయాక మిగిలిన గూళ్ళను దూదిలాగా వడికి అహింసా పట్టు నేయించారు, దానికి పేటెంటు కూడా పొందారు. తెగిన పోగును వడకాలి గనుక మెరుపు తగ్గుతుంది, శ్రమా ధరా పెరుగుతాయి. అస్సాంలో ఆముదపు ఆకు తినే ఎరీ పురుగు గూటికి పుట్టుకతోనే ఒక కొస తెరిచి ఉంటుంది, దాన్ని చంపకుండానే వడుకుతారు. ఆముదం మన చేలగట్ల మీద ఉన్నదే కదా. అయితే మల్బరీ చిలుకను విడిచిపెట్టినా అది ఎగిరిపోయే చోటు ఏదీ లేదని పైన చెప్పుకున్నాం. దాని బతుకూ చావూ 5,000 ఏళ్ళ కిందటే మన చేతిలోకి వచ్చేశాయి. కనీసం బతికిన ఇరవై అయిదు రోజులూ దానికి పస్తు లేకుండా చూడవలసిన పూచీ మనది.

ఆకు తూచి గుడ్లు తెండి

మిత్రులారా, మనలో చాలామంది రైతుబిడ్డలమే. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు నాయన మల్బరీ మాట ఎత్తితే చెప్పవలసింది ఇంతే. ముందు బోరు చూడాలి. అది ఆగస్టులో ఎంత పోస్తుందో కాదు, ఏప్రిల్‌లో ఎంత పోస్తుందో చూడాలి. ఆ నీళ్ళకు సరిపడినంతే తోట వేయాలి. ఎకరా వద్దు, అరెకరా చాలంటే అరెకరాయే. డ్రిప్పు వేసుకుంటే అదే నీళ్ళు ఎక్కువ మొక్కలకు వస్తాయి. నీళ్ళు నిండుగా ఉన్నచోట వి-1 రకం, వాన మీదనే ఆధారపడ్డ నేలలో ఎస్-13 లాంటి రకం మైసూరు సంస్థ తీసి ఇచ్చినవే. ఎడంగా నాటి చెట్టుగా పెంచిన మల్బరీ వేళ్ళు లోతుకు పోతాయి, ఎండకు కాస్త ఓర్చుకుంటుంది.

తరువాత గుడ్లకు పోయే ముందు తోటలో ఓ పది మొక్కల ఆకు కోసి తూచాలి. సగటు తీసి మొక్కల లెక్కతో హెచ్చవేయాలి. వచ్చిన మొత్తంలో పదోవంతు ఎండకూ వాడుకూ పోయిందనుకొని తీసేయాలి. మిగిలినదానిలో టన్నుకు నూరు గుడ్లు. 600 కిలోలుంటే అరవై గుడ్లే తేవాలి, ధర ఎంత ఊరించినా సరే. వేసవి ముదిరినప్పుడు బోరు తగ్గితే ఒక పంట ఆపాలి. దసలి పురుగు గూట్లో పడుకొని చేసే పనినే రైతు తెలిసి చేస్తున్నాడని అనుకోవాలి. హిందూపురం మార్కెట్ మా గుమ్మఘట్టకు వంద కిలోమీటర్లు దాటిన దూరం. అంత దూరం లొట్టగూళ్ళు మోసుకుపోయి సగం ధరకు అమ్ముకొని వచ్చేకంటే తక్కువ గూళ్ళు గట్టివి తీసుకుపోవడం లాభం.

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక త్రాసు, ఒక కాగితం, చివరి ఎనిమిది రోజుల ఆకలి ఎంతో ముందే తెలిసి ఉండటం – ఈ మూడూ చాలు. మొదటి రెండూ ప్రతి ఇంట్లో ఉన్నాయి. మూడోది చెప్పడానికే ఈ వ్యాసం.